వాగు చెవి అకోర్ఫా

ముందు ఈల వినిపించింది.

సన్నని ఈల. తడిసిన గాజుగ్లాసు అంచు మీద ఎవరో వేలు తిప్పినట్టు ఉంది. పొగమంచులోంచి వచ్చి, నా చెవిని తాకి, తిరిగి నీళ్ళలోకి జారిపోయింది. సోమవారం, అప్పుడే తెల్లవారుతోంది. అంతకుముందు రోజు కొండ మీద ఆ ఏటి మొదటి పెద్దవాన కురిసింది. సెవా వాగు ఒడ్డున రాళ్ళన్నీ ఆ పూటే పుట్టినట్టు నల్లగా మెరుస్తున్నాయి. మా వీధి పంపులో బురదనీళ్ళు వస్తున్నాయని నేను మొదటిసారి అంత పైకి వచ్చాను. బకెట్టు ముంచబోయి ఆగాను. ఈల మళ్ళీ వచ్చింది.

తర్వాత రబ్బరు చెప్పుల చప్పుడు. ఆ తర్వాత మంచులోంచి ఒక కర్ర. కర్ర వెనకే, మోకాళ్ళ దాకా బట్ట ఎగ్గట్టుకుని, భుజాన ఖాళీ సొరబుర్ర వేలాడేసుకుని అకోర్ఫా.

మా దగ్గర ఆడవాళ్ళు ఈల వేస్తే నవ్వుతారు. నాకూ నవ్వొచ్చింది.

"పొద్దున్నే ఈలలేంటక్కా, ఎవరిని పిలుస్తున్నావు?" అన్నాను.

ఆమె నిలబడిపోయింది. "ఏం ఈల?"

"ఇప్పుడే వేశావుగా, రెండుసార్లు."

మాట నా నోట్లో ఉండగానే మూడోసారి వచ్చింది. ఆమె మడమ పక్కనున్న రాతి కిందనుంచి వచ్చింది. అది మనిషి ఈల కాదు. అంత దగ్గర మోగినా అకోర్ఫా కిందికి చూడలేదు. నా ముఖంలో ఏదో వెతుకుతున్నట్టు నావైపే చూస్తోంది.

"టీచరమ్మా, నువ్వీ ఊరొచ్చి పద్దెనిమిదేళ్ళయింది. దేని మీద వేళాకోళం ఆడాలో, దేని మీద ఆడకూడదో ఇంకా తెలియలేదా నీకు?"

నా బకెట్టును కర్రతో పక్కకి నెట్టి, దారి చేసుకుని కిందికి దిగి వెళ్ళిపోయింది.

అకోర్ఫా మా తోగోజి ఊరికి వాగు చెవి. అది ఆమె పదవి పేరు. సెవా వాగు అడవిలోంచి దూకే చోట జారుడు కప్పలుంటాయి. అరచేతిలో ఇమడనంత పెద్దవి. బల్లపరుపు తల, రాతిరంగు వీపు. ఒకటి నీళ్ళలోంచి వచ్చి రాతి మీద కూర్చుంటే రాయే కళ్ళు తెరిచినట్టుంటుంది. పట్టుకోబోతే సబ్బుముక్కలా జారిపోతుంది. ఇవి బెకబెకమనవు, ఈల వేస్తాయి. తొలి పెద్దవాన పడ్డాక మూడు రోజులు, తెల్లవారే వేళ, వాగు చెవి ఒక్కతే పైకెళ్ళి నల్లరాళ్ళ దగ్గర కూర్చుని వింటుంది. విన్నానని వచ్చి చెప్తే తొగ్బే, అంటే మా ఊరిపెద్ద, నేల మీద కల్లు ధార పోస్తాడు. మర్నాడే కొండవాలులో ఎర్రవడ్లు చల్లుతారు. ఆమె చెప్పకముందు ఇంకెవరూ విన్నామని అనకూడదు. అంటే ఒక పొట్టేలు, ఒక సీసా సారా తప్పు కట్టాలి. కడుపుతో ఉన్న మనిషి తానుగా చెప్పకముందే పక్కింటివాళ్ళు ఊరంతా చాటితే ఎంత తప్పో, మా లెక్కలో ఇదీ అంతే.

ముప్పై ఏళ్ళు అకోర్ఫా పరుగెత్తుతూ వచ్చి విన్నానని చెప్పింది. గత రెండేళ్ళు నడుస్తూ వచ్చి వినలేదని చెప్పింది. వడ్లు ఆలస్యంగా, ఎవరి ఇష్టం వచ్చినప్పుడు వాళ్ళు చల్లుకున్నారు. ఊళ్ళో పండగ పాటలు సన్నగిల్లాయి. మూడో ఏడు వచ్చింది. అదే ఈ ఏడు.

వాగు పైన అడవిని కప్పల కోసమే మా పాతవాళ్ళు గొడ్డలి తగలనివ్వలేదు. ఆ చెట్ల నీడ లేకపోతే నీళ్ళు వేడెక్కుతాయి, రాళ్ళు ఎండుతాయి, కప్పలు బతకవు. మరి కప్పలే లేనప్పుడు అడవి ఎవరికోసం? ఆ మాట మొదట గుసగుసగా పుట్టి, తర్వాత సంతలో పైకే వినపడింది. చివరికి కింది పట్నం నుంచి ఒక కలప వ్యాపారి తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. చెట్లిస్తే ఊరికి ఆసుపత్రి గది కట్టిస్తానన్నాడు, బడికి కొత్త రేకులు వేయిస్తానన్నాడు. దాచడమెందుకు, ఆ రేకుల మీద నాకూ ఆశ ఉండేది. వానొస్తే మూడో తరగతి పిల్లల్ని నాలుగో తరగతి పిల్లల ఒళ్ళో కూర్చోబెట్టి పాఠం చెప్పేదాన్ని. ఈ ఏడు కూడా చెవి వినలేదంటే బుధవారం సభలో అడవిని అతనికి ఇచ్చేయాలని పెద్దలు అనుకున్నారు. సోమ, మంగళ, బుధ. మూడు తెల్లవారుజాములు. వాటిలో ఒకటి నా కళ్ళముందే అయిపోయింది.

బకెట్టు అక్కడే వదిలేసి దోత్సే దగ్గరికి పరుగెత్తాను.

దోత్సే అకోర్ఫా చనిపోయిన భర్తకి తమ్ముడు, కల్లు తీస్తాడు. వాగు పక్కనే నూనెతాటి చెట్టుని పడగొట్టి, మానులో తొర్ర చేసి, అందులోకి వెదురుగొట్టంతో పొగ ఊదుతూ కింద కుండ పెట్టుకుని కూర్చుంటాడు. రోజూ తెల్లవారేసరికి అతను అక్కడే ఉంటాడు. నేను విన్నది చెప్పాను. అతను గొట్టం తీయకుండానే కనుబొమలు ఎత్తి, అటూ ఇటూ చూసి, అప్పుడు నోరు తెరిచాడు.

"టీచరమ్మా, నీకు పొట్టేలుందా?"

"లేదు."

"నాకూ లేదు. అందుకే నేనేమీ వినలేదు. మూడేళ్ళుగా రోజూ వినడం లేదు. నిన్న పదిహేనుసార్లు వినలేదు. నిన్న వాన పడింది కదా, ఇవాళ ఇంకా ఎక్కువ వినలేదు."

నాకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. ఎందుకు చెప్పలేదని అడిగాను. చెప్పాడు. మొదటి ఏడు, వదిన వినలేదంటే తను విన్నది ఏ పిట్ట కూతో అయివుంటుందనుకున్నాడు. రెండో ఏడు, అవి చచ్చిపోయిన కప్పల నీడలనీ, తమ రాళ్ళని వదల్లేక ఈల వేస్తున్నాయనీ అతని భార్య అంది. ఆ మాట నచ్చి ఊళ్ళో చాలామంది పట్టుకున్నారు. నీటికెళ్ళిన ఆడవాళ్ళు ఆ ఈల వినపడగానే తల వంచుకుని, పోయినవాళ్ళ ముందు నిలబడ్డట్టు ఒక్క నిమిషం నిలబడి వచ్చేవారట. ఊరు ఊరంతా విన్నది. ఎవరికి వారు నోరు మూసుకుని, బతికున్న కప్పలకి సంతాపం పాటించారు.

నేనుండే వీధి ఊరికి దిగువన. మొదటి పదిహేనేళ్ళు ఆ పాటని దూరంనుంచే, గుంపుగా, గాలితో కలిసిపోయినదిగా విన్నాను. తర్వాత అది ఉత్త గాలే అనుకున్నాను. ఒక్క గొంతుని అంత దగ్గరగా విన్నది ఆ రోజే. తెలియకపోవడమే నాకు పొట్టేలు భయం లేకుండా చేసింది.

అక్కడినుంచే బడికి వెళ్ళాను. అకోర్ఫా మధ్యాహ్నాలు బడి గేటు ముందు కూర్చుని మొక్కజొన్న ముద్ద, బెండకాయ పులుసు అమ్ముతుంది. ఆ రోజు కిటికీలోంచి ఆమెని చూశాను. ఒక చిన్నపిల్ల వచ్చి సన్నని గొంతుతో ఇంకొంచెం పులుసు పొయ్యమంది. అకోర్ఫా ఆ పిల్ల పెదవుల్ని చూసింది, గిన్నెని చూసింది, అప్పుడు పోసింది. వెనకనుంచి డ్రిల్లు మాస్టారు ఈల ఊదాడు. పిల్లలంతా తిరిగారు, ఆమె తిరగలేదు. దూరంగా రోడ్డు మీద లారీ గేరు మార్చింది. ఆమె వెంటనే తలెత్తింది. ఈ మధ్య ఆమె గొంతు పెద్దదైందని, పదవి గర్వమని ఊళ్ళో అనేవారు. నేనూ అన్నాను. ఒక్కొక్కటీ పక్కపక్కన వచ్చి నిలబడుతుంటే చేతిలో సుద్దముక్క విరిగింది.

కప్పలు పోలేదు. సన్నని శబ్దాలే ఆమె చెవుల్లోంచి, తలుపు చప్పుడు కూడా చేయకుండా, ఒకటొకటే వెళ్ళిపోయాయి.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. పొయ్యి మీద ముద్ద కలుపుతోంది. చెప్పదలచుకున్నది దారిపొడవునా మెత్తగా అమర్చుకుని వెళ్ళాను. మెల్లగా, ఆమెకి మాత్రమే వినపడేలా అన్నాను.

"ఏంటి? గట్టిగా చెప్పు," అంది.

అంతకన్నా కష్టమైన పని నేనెప్పుడూ చెయ్యలేదు. పక్క పెరట్లో బట్టలు ఆరేస్తున్న మనిషి చెయ్యి ఆగేంత గట్టిగా చెప్పాను.

"అక్కా, కప్పలున్నాయి. నీకే వినపడటం లేదు."

తెడ్డు ఆగలేదు. ముద్ద మాడకూడదు కదా. అంతా కలిపి, దించి, మూత పెట్టి, అప్పుడు లేచి వీధి తలుపు చూపించింది. నేను వచ్చేశాను.

అకోర్ఫా తండ్రి కప్పలు పట్టేవాడు. ఊళ్ళో ఒక్కొక్కరు కూరకి ఏడాదికి పది పట్టుకోవచ్చు, వడ్లు చల్లాక. అతను మాత్రం తన వంతుతో పాటు ముసలివాళ్ళ వంతు కూడా పట్టి ఇచ్చేవాడు. తొమ్మిదేళ్ళకే అకోర్ఫాకి ఆ పట్టు తెలుసు. పాతికేళ్ళప్పుడు, అప్పటి వాగు చెవి అయిన వాళ్ళ పిన్నితో కలిసి నీటికెళ్ళిన రోజు, పిన్ని కన్నా ముందు ఆమె విన్నది. మాట అనలేదు. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. పిన్ని ఆ చేతుల్ని చూసి, తన కర్ర ఆమెకిచ్చి, ఇంటికి తిరిగి వెళ్ళిపోయిందట. ఈ కథ అకోర్ఫా నాకు చాలాసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ చేతులు చాపి చూపించేది. ఆ చేతులు ఆ క్షణానికి కూడా అలాగే అయ్యేవి.

కోకో తోట చూసుకునే భర్త పోయినప్పుడు ఆమె నలభై రోజులు మాట్లాడలేదు, కానీ ఆ ఏడు కప్పల్ని విని వచ్చి చెప్పింది. కూతురు కుట్టుమిషను కొనుక్కుని ఊళ్ళోనే బట్టలు కుడుతోంది. అకోర్ఫాకి ఉన్నవన్నీ ఉన్నాయి. కానీ ఎవరైనా నువ్వెవరివని అడిగితే పేరు కన్నా ముందు వాగు చెవినని చెప్పేది.

మంగళవారం ఆమె ఒంటరిగా పైకెళ్ళి వచ్చింది. బడి గేటు దగ్గరికి రాలేదు. పిల్లలు ఖాళీ చోటు చుట్టూ కాసేపు నిలబడి, గరి, అంటే కర్రపెండలం రవ్వ, నానబెట్టుకుని తిన్నారు. పట్నం వ్యాపారి అప్పటికే ఊళ్ళోకి వచ్చి అతిథి గదిలో దిగాడు. చెట్లకి గుర్తులు పెట్టడానికి ఎర్రరంగు డబ్బాలు తెచ్చాడు.

పొద్దు వాలుతుండగా అకోర్ఫా మా గుమ్మంలోకి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా కోడి పిల్లల్ని చేసింది. పది. ఇందాక గింజలు చల్లి చూశా. నోళ్ళు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. అంతే. ఏమీ లేదు. ఉత్త నోళ్ళు."

ఆమె గడపని కర్రతో రెండుసార్లు తట్టింది.

"రేపు నాతో రా. నోరు మాత్రం తెరవకు. అది కూసినప్పుడల్లా వేలెత్తు. చాలు."

బుధవారం. చివరిది. మేం ఎక్కుతుంటే అడవి ఆకుల చివర్లనుంచి రాత్రి పడిన వాన ఇంకా కురుస్తూనే ఉంది. నల్లరాళ్ళ దగ్గర ఆమె తన చోట కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. మా మధ్య వాగు దూకుతోంది. నీటి హోరు ఆమెకి వినపడుతోందని తెలుసు. దాని లయకే ఆమె మోకాలు మెల్లగా కదులుతోంది. వెలుగు బూడిదరంగు నుంచి ఆకుపచ్చకి తిరిగింది.

మొదటి ఈల. నేను వేలెత్తాను.

అకోర్ఫా నా వేలిని చూసింది. అంత ఆకలితో ఎవరైనా ఒక వేలిని చూడడం నేనెరగను. రెండో ఈల, పైనుంచి. వేలు లేచింది. మూడోది, దానికి బదులుగా, పక్క గుంటలోంచి. వేలు లేచింది. ఆ తర్వాత నాకు దించే తీరిక లేకపోయింది. ఒకటి అడుగుతోంది, ఒకటి చెప్తోంది, మూడోది మధ్యలో దూరుతోంది. నా వేలు గాలిలో పిచ్చిదానిలా ఎగురుతోంది. నా కళ్ళ నిండా నీళ్ళు. పంతొమ్మిది దాకా లెక్కపెట్టి వదిలేశాను. ఆమె పెదవులు నా వేలితో పాటు కదలడం మొదలుపెట్టాయి. మరచిపోయిన పాట అడుగు ఎక్కడ పడుతుందో ఆమెకి గుర్తొస్తోంది. ఇంకాసేపటికి నా వేలి కన్నా ముందే ఆమె తల ఊగుతోంది. ఏ గుంట తర్వాత ఏ గుంట పలుకుతుందో ముప్పై ఏళ్ళు విన్న మనిషికి తెలియదా.

హఠాత్తుగా ఆమె ముఖం ముడుచుకుంది. "జాలితో ఎత్తుతున్నావా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"ఒట్టు?"

నోరు తెరవద్దంది కదా. గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను. ఆమెకి చాలలేదు. కర్ర పక్కన పడేసి లేచింది. "ఎటు? దగ్గరది ఎటు?"

వేలు చూపించాను. ఆమె నీళ్ళలోకి దిగింది.

జారుడు కప్పని పైనుంచి పట్టుకోకూడదు. చెయ్యి నీటి అడుగునుంచి, ఆకు కొట్టుకొచ్చినంత తీరిగ్గా వెళ్ళాలి. పొట్ట కింద అరచెయ్యి ఆనించి, నడుము దగ్గర రెండు వేళ్ళు బిగించాలి. అకోర్ఫా మోచెయ్యి దాకా రాతి కింద పెట్టి కళ్ళు మూసుకుంది. నీళ్ళు ఎగసిపడ్డాయి. జారింది. ఇంకో రాయి. ఇంకోసారి జారింది. ఈసారి కాలు కూడా జారి ఛాతీ దాకా మునిగింది. నేను అరవబోయి నోరు నొక్కుకున్నాను. లేచి నవ్వుతోంది ఆమె. తలగుడ్డ కొట్టుకుపోయింది, తెల్లజుట్టు చుక్కలు కారుస్తోంది, తొమ్మిదేళ్ళ పిల్ల లాగా మళ్ళీ వంగింది. మూడో రాయి. చాలాసేపు. ఆమె భుజం ఒక్కసారి అదిరింది.

రెండు చేతులూ పైకొచ్చాయి. వేళ్ళ సందుల్లోంచి రెండు బంగారు కళ్ళు.

ఆమె దాన్ని అరచేతుల మధ్య పట్టుకుని చూస్తూనే ఉంది. అది తన్నింది, ఆగింది, మళ్ళీ తన్నింది. అప్పుడు దాని గొంతు కింద చర్మం వణికి, ఈల, ఇంత దగ్గరగా, పదునుగా, నా పళ్ళు జివ్వుమనేలా. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇప్పుడు కూసిందా?"

నేను తలూపాను, ఊపుతూనే ఉన్నాను. ఆమె దాన్ని చెంపకి ఆనించుకుంది. చెవికి కాదు, చెంప ఎముకకి. కాసేపటికి అంది, "వినపడలేదు. అదురుతోంది."

సొరబుర్రలో వాగునీళ్ళు పోసి, దాన్ని వదిలి, పైన తడి చేమాకు కప్పి, కిందికి బయల్దేరాం. ఆమె ముందు నడిచింది, దాదాపు పరుగు. దోత్సే తన తాటిమాను దగ్గరనుంచి మమ్మల్ని చూసి, ఆకు ఎత్తి చూసి, కుండ వదిలేసి వెంట వచ్చాడు. దారిలో ఆమెకి అర్థమయ్యేలా బొంగురు గొంతుతో చెప్పాడు.

"వదినా, ఒక్కమాట చాలు. విన్నానని చెప్పెయ్. అది అబద్ధమని ఎవరంటారు? కప్ప చేతిలోనే ఉందాయె."

ఆమె ఆగలేదు, తిరగలేదు. "ముప్పై ఏళ్ళు విన్నదే చెప్పానురా. ఇప్పుడు విననిది విన్నానంటే ఆ ముప్పై ఏళ్ళనీ ఎవరు నమ్ముతారు? ముందు నేను నమ్మాలి కదా."

సభ పాక అప్పటికే నిండిపోయింది. తొగ్బే తన పెద్ద చెప్పుల్లో, ఎత్తు పీట మీద కూర్చున్నాడు. ఆయన ఎవరితోనూ నేరుగా మాట్లాడడు. ఆయన మాటని సెన్యో అనే పెద్దమనిషి కర్ర పట్టుకుని అందరికీ చేరుస్తాడు, అందరి మాటా ఆయనకి చేరుస్తాడు. పక్కన కుర్చీలో పట్నం వ్యాపారి, చేతిలో చల్లటి సీసా.

సెన్యో కర్ర నేలకి తాటించి, వాగు చెవి విన్నదా అని తొగ్బే అడుగుతున్నారన్నాడు. లావు గొంతు, ఆమెకి చక్కగా చేరింది.

"వినలేదు," అంది అకోర్ఫా.

పాక అంతా ఒకేసారి ఊపిరి వదిలింది. వ్యాపారి సీసా కింద పెట్టి సర్దుకుని కూర్చున్నాడు. నేను గుంజ పట్టుకున్నాను.

"ఈ ఏడు వినలేదు. కిందటేడు వినలేదు. ఆ ముందేడు వినలేదు. కప్పలు లేక కాదు. నా చెవులు పోయాయి. సన్నటివేవీ నాకు రావడం లేదు. తెలుసుకోకుండా మీకు తప్పు చెప్పాను. ఇదిగో."

చేమాకు తీసింది. మా కప్ప ఇంకెవరి మాటా వినదలచుకోలేదు. ఒక్క గెంతుతో సొరబుర్ర దాటింది, రెండో గెంతుకి పెద్దల కాళ్ళ మధ్య ఉంది. పెద్దలు కుర్చీల మీదికెక్కారు. వ్యాపారి సీసా దొర్లింది. తొగ్బే పాదం నేలకి తగలకూడదని మా ఆచారం, సరిగ్గా ఆయన చెప్పుల ముందుకొచ్చి కూర్చుందది. సెన్యో కర్ర చేత్తో పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక దానికి నమస్కరించినట్టు వంగాడు. అకోర్ఫా మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి నేల మీద ఆకులా జరిపి, పొట్ట కిందనుంచి తీసుకుంది. అది ఆమె చేతిలో కోపంగా ఈల వేసింది. పాకలో ఉన్న ప్రతి తలా ఆ ఈలకి ఒకేసారి తిరిగింది, ఒక్క ఆమెది తప్ప.

అందరూ చూశారు ఆ ఒక్క తలని. ఇంక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

అయినా పద్ధతి పద్ధతే. ఇంకెవరైనా విన్నారా అని సెన్యో అడిగాడు. ఎవరూ కదల్లేదు. పాక నిండా పొట్టేళ్ళు కనపడుతున్నాయి నాకు. అప్పుడు తొగ్బే వంగి సెన్యో చెవిలో ఏదో అన్నాడు. సెన్యో నిజమా అన్నట్టు చూశాడు. తొగ్బే తల ఊపాడు. సెన్యో గొంతు సవరించుకున్నాడు.

"తొగ్బే కూడా విన్నారట. పొద్దున్నే పెరట్లోకి వెళ్ళినప్పుడు. మూడేళ్ళ నుంచీ."

ముందు ఆడవాళ్ళు నవ్వారు. ఆ తర్వాత చేతులు, ఒకటి, ఐదు, ఇరవై, పాక వెనక బడి పిల్లలవి కూడా. దోత్సే రెండు చేతులూ ఎత్తాడు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఎప్పుడు విన్నదీ, ఎక్కడ విన్నదీ, నీడలనుకుని ఎలా తలవంచుకు నిలబడిందీ. మా ఊళ్ళో అన్ని పొట్టేళ్ళు లేవు. అందుకని తప్పు ఎవరికీ వెయ్యలేదు. కల్లు నేల మీద పోసి, మర్నాడే వడ్లు చల్లాలన్నారు. అడవి మాట ఇంక ఎత్తొద్దని సెన్యో చేత చెప్పించారు. వ్యాపారి ఏం జరిగిందని పక్కవాణ్ణి మూడుసార్లు అడిగాడు. అతనికీ ఒక సొరబుర్రెడు కల్లు ఇచ్చారు. మంచివాడే, తాగి, రంగుడబ్బాలు తీసుకుని వెళ్ళాడు. బడి రేకుల సంగతి నేను అడగలేదు.

అకోర్ఫా తన కర్రని తొగ్బే ముందు పెట్టింది. ఇంకొకరిని చూసుకోమంది. అక్కడ మాత్రం గొడవ తెగలేదు. చెవి పదవి చచ్చేదాకా అని కొందరు, రెండేళ్ళ ఆలస్యపు పంటకి ఆమె జవాబు చెప్పాలని కొందరు, ఊరంతా విని కూడా నోరు మూసుకుంటే ఆమె ఒక్కతే ఎందుకు చెప్పాలని దోత్సే. పొద్దు నడినెత్తి దాటింది. ఆ వాదన ఇప్పటికీ సంతల్లో నడుస్తూనే ఉంది. కర్రని ఎవరూ ముట్టుకోలేదు, చివరికి ఆమే తీసుకుంది, కొండెక్కడానికి కావాలి కదా.

కప్ప వీపు ఆరిపోతోందని ఆమె అందర్నీ తోసుకుని బయటికొచ్చింది. నేను వెంట వెళ్ళాను. మధ్యాహ్నపు ఎండ ఆకుల్లోంచి నాణేలుగా రాలుతోంది. నల్లరాళ్ళ దగ్గర ఆమె చేతులు నీళ్ళలో ముంచి విప్పింది. అది కాసేపు ఆమె అరచేతిలోనే కూర్చుంది, తర్వాత లేదు. ఆమె చేతులు తుడుచుకోకుండా రాతి మీద కూర్చుని, పక్కన చోటు చూపించింది.

"మూడేళ్ళుగా నువ్వు నా గిన్నె పక్కన కూర్చుని ఏవేవో చెప్పేదానివి, టీచరమ్మా. నేను నవ్వేదాన్ని, తలూపేదాన్ని. సగం నాకు చేరలేదు. అవన్నీ ఇప్పుడు మొదట్నుంచీ చెప్పు, కాస్త బొంగురు గొంతుతో."